పీత అరికాళ్ళు

సముద్రంలోంచి ఒడ్డుకెక్కే బండికి గండం సముద్రంలో ఉండదు, ఒడ్డున కూడా ఉండదు. రెండింటికీ మధ్య, అల వచ్చి వెనక్కి పోయే ఆ కాస్త తడి ఇసుకలో ఉంటుంది. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. అక్కడ ఇరుక్కుని తెలుసుకున్నాను.

మా పని వేగు చూడడం. పెద్ద ఓడల్లోంచి సైన్యం దిగే ముందు మేము ఎనిమిది చక్రాల బండి వేసుకుని, ఈదుకుంటూ వెళ్ళి, ఒడ్డెక్కి, ఇటు రావచ్చు, అటు వద్దు అని వెనకవాళ్ళకు చెప్పాలి. బండికి కవచం ఉంటుంది గానీ తేలికపాటిది. తుపాకి గుండును ఆపుతుంది, ఫిరంగి గుండును ఆపదు. బరువు పెంచితే మునుగుతాం, తగ్గిస్తే చస్తాం, మధ్యలో ఎక్కడో బతుకుతాం. దానికి సర్కారు పెట్టిన పేరు అక్షరాలూ అంకెలూ కలిపి బారెడుంటుంది. మేమంతా పీత అనేవాళ్ళం. నీళ్ళలోనూ నేల మీదా బతుకుతుంది, అవసరమైతే పక్కకీ నడుస్తుంది, అందచందాలు చెప్పనక్కర్లేదు.

నా పేరు దత్తి వెంకునాయుడు. అప్పట్లో హవల్దారుని, ఆ బండికి కమాండర్ని. కమాండర్ అంటే పైనున్న మూతలోంచి తల బయటపెట్టి కూర్చునేవాడని అర్థం. ఏదైనా వస్తే ముందు ఆ తలకే వస్తుంది. మా గన్నరు థామస్ కేరళవాడు, మాట్లాడితే జీతం కోస్తారేమో అన్నట్టు ఉండేవాడు. డ్రైవరు మైలపల్లి ఎల్లాజీ. శ్రీకాకుళం జిల్లాలో చేపల వేటకెళ్ళే ఇంట పుట్టాడు. ఈ కథ వాడిది.

డాక్టర్ అరుంధతి ఒక ప్రయోగశాల నుంచి మా శిబిరానికి వచ్చింది. వస్తూనే పీత చక్రాలన్నిటికీ మినపట్టు మందాన ఒక తొడుగు వేయించింది. ఎల్లాజీ మోకాళ్ళ వెనక, చర్మం కింద, బియ్యపుగింజంత ముక్క చెరొకటి పెట్టించింది. నడుముకు ఒక బొత్తాం. అందులో ఏముందో ఆవిడ నాకు చాలాసేపు చెప్పింది. సగం అర్థం కాలేదు, అర్థమైన సగం మర్చిపోయాను. పని చేసినప్పుడు చూస్తే చాలనుకున్నాను.

మొదటి పరీక్ష భీమిలి దాటాక, మా శిబిరం ముందున్న ఒడ్డునే జరిగింది. ఎల్లాజీ బూట్లు విప్పి, సముద్రపు నీళ్ళు తాకి కళ్ళకద్దుకుని, ఒట్టి కాళ్ళతో డ్రైవరు సీట్లోకి దిగాడు. బండిలో బూట్లు ఉండాలని రూలు. వాళ్ళింట్లో తాతల కాలం నుంచీ చెప్పుకాళ్ళతో పడవెక్కినవాడు లేడు. ఆ ఒక్క విషయంలో నేను చూసీ చూడనట్టు ఉండేవాణ్ణి.

డాక్టరమ్మ ఒడ్డున గొడుగు వేసుకుని నిలబడింది. "ఇప్పుడు బొత్తాం నొక్కు ఎల్లాజీ. నీకేమనిపిస్తే అది చెప్పు, తప్పూ ఒప్పూ ఏం లేదు," అంది రేడియోలో.

వాడు నొక్కాడు. నొక్కి, "ఓలమ్మో!" అని కేకేశాడు.

"ఏటైందిరా?" అన్నాను పైనుంచి.

"సక్కిలిగిలి సార్! అల ఎనక్కెల్తూ కాళ్ళ కిందనించి ఇసక లాగేస్తన్నాది."

వంగి చూశాను. వాడి కాళ్ళు ఇనప పలక మీద పొడిగా ఉన్నాయి. అల తగిలింది పీత చక్రాలకి.

బండి కొంచెం కదిలింది. ఎల్లాజీ నెమ్మదిగా, బావి గట్టున నాచు మీద నడిచేవాడిలా నడిపాడు. "ఆగండి సార్. ఎడం పక్కన సూడ్డానికి బాగానే ఉన్నాది గానీ కింద బురద. పైన ఇసక దుప్పటి కప్పుకుని పడుకున్నాది." నేను దిగి గడ్డపార గుచ్చితే పిడి దాకా దిగిపోయింది. తర్వాత కుడిపక్కకి తిప్పాడు. "ఇక్కడ గట్టి. రావచ్చు," అన్నాడు. వెనకనున్న బరువు లారీ ఆ జాడలోనే వచ్చింది, ఒక్క చక్రం దిగబడలేదు.

డాక్టరమ్మ గొడుగు పడేసి చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత కొన్ని నెలలపాటు మా తీరంలో "గట్టి, రావచ్చు" అన్నదే దారి తెరిచే మాట అయిపోయింది. వెనక పడవల్లో ఉన్న పంజాబీలూ తమిళులూ కూడా ఆ కాస్త తెలుగు నేర్చుకున్నారు.

క్వార్టర్లలో ఎల్లాజీ ఇల్లు నా గదికి ఎదురుగా ఉండేది. నా కుటుంబం ఊళ్ళో ఉండడంతో వాడి భార్య నూకరత్నం నన్ను అన్నయ్యా అని పిలిచి, వారంలో సగం రోజులు చేపల పులుసు పోసేది. వాళ్ళకొక్క కూతురు, భవాని. ఇంకా నడక రాలేదు, గోడ పట్టుకుని లేచేది. సాయంత్రం ఎల్లాజీ ఇంటికి రాగానే పిల్ల పాదాలు తన పాదాల మీద పెట్టించుకుని, రెండు చేతులూ పట్టుకుని, వరండాలో ఇటునుంచి అటు నడిపించేవాడు. తండ్రి నడుస్తున్నాడు, తానే నడుస్తున్నానని పిల్ల అనుకునేది. చూస్తూంటే నాకు ముచ్చటేసేది.

ఒకరోజు భోజనాల దగ్గర ఎల్లాజీ ఉన్నట్టుండి కిసుక్కుమని నవ్వి కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"ఏటి?" అంది నూకరత్నం.

"షెడ్డులో పీతని కడుగుతన్నారు. పైపు నీళ్ళు సల్లగా కొట్టినారు."

నేను కంచంలోంచి తలెత్తాను. "బొత్తాం ఆర్పలేదేట్రా? డూటీ అయిపోగానే ఆర్పమన్నారు కదా?"

"ఆర్పితే కాళ్ళు సచ్చిపోయినట్టుంటన్నాయి సార్. దూది మీద నడిసినట్టు. దానికన్నా ఇదే నయం. షెడ్డు గచ్చయినా సరే, కాళ్ళకింద ఏదో ఒకటుంటాది గదా."

చేపలవాళ్ళ బిడ్డకి కాళ్ళకింద ఏమీ లేకపోవడం ఎలా ఉంటుందో మీకూ నాకూ తెలియదు. పడవ దిగగానే వాళ్ళు ముందు కాలితోనే ఊరిని గుర్తుపడతారు. అందుకే వాడు రోజుల తరబడి, ఎవరికీ చెప్పకుండా, పీత కాళ్ళు తొడుక్కునే ఇంటికి వస్తున్నాడు.

నూకరత్నం గరిటె పక్కన పెట్టింది. "ఇంటికొచ్చినాక కూడా దానికాడే కాళ్ళెట్టుకుంటే మరి నాకాడికొచ్చిందెవులు? సూసినావా అన్నయ్యా, సవితికి ఎనిమిది కాళ్ళు. నాకు రెండే." నవ్వుతూనే అంది గానీ కళ్ళలో నవ్వు లేదు.

ఆ వారమే ఒక ఆదివారం ఆవిడ పెరటి వైపు జెల్ల చేపలు తోముతోంది. జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఎంతటి మొనగాడైనా వీధి వినబడేలా అరుస్తాడు, ఆ మంట అలాంటిది. ఎల్లాజీ పిల్లనెత్తుకుని పెరట్లోకి వెళ్ళి వచ్చాడు. పిల్లని వరండాలో దింపాడు. నేను పేపరు చదువుకుంటున్నాను. పిల్ల పాకుతూ వచ్చి నా మోకాలి మీద చెయ్యి వేస్తే, నా తెల్ల పంచె మీద ఎర్రటి అచ్చు పడింది.

"ఈ రగతం ఎవులిది?" అన్నాడు ఎల్లాజీ కంగారుగా. పిల్ల చేతులు తిప్పి చూశాడు, మోకాళ్ళు చూశాడు. గచ్చు మీద వరసగా ఎర్రటి అడుగులున్నాయి. పెరటి నుంచి మొదలై వాడి దగ్గర ఆగిపోయాయి. వాడు వాటినీ చూశాడు. అయినా, "ఎవులిది సార్?" అని మళ్ళీ నన్నే అడిగాడు. వాడి మడమలో జెల్ల ముల్లు సగం దిగి ఉంది.

నూకరత్నం ఏడవలేదు. ముల్లు లాగి, పసుపు అద్ది, పిల్లనెత్తుకుని నేరుగా డాక్టరమ్మ గదికి నడిచింది. వెనక మేమిద్దరం.

డాక్టర్ అరుంధతి ఎల్లాజీ కళ్ళకు గుడ్డ కట్టి, అరికాళ్ళ మీద ఈకతో, సూదితో, చల్లటి గిన్నెతో చూసింది. వాడికేదీ తెలియలేదు. ఆవిడ గిన్నె పక్కన పెట్టి గుడ్డ విప్పింది. తర్వాత నూకరత్నానికి ఎదురుగా కూర్చుని చెప్పింది. "మెదడులో ఒక్కో అవయవానికి ఒక్కో గది ఉంటుందనుకోమ్మా. మీ ఆయన అరికాళ్ళ గదిని మేము పగలు మాత్రం పీతకి అద్దెకిచ్చాం. సాయంత్రానికి అది ఖాళీ చెయ్యాలి. ఈయన బొత్తాం ఆర్పకపోవడంతో అది ఖాళీ చెయ్యలేదు. ఇప్పుడు ఆ గది తనదే అనుకుంటోంది."

"ఖాళీ సేయించడానికి కోర్టుకెల్లాలేటమ్మా?" అంది నూకరత్నం.

"గింజలు తీసేయాలి. ఇప్పుడు తీసేస్తే కొన్ని నెలల్లో స్పర్శ తిరిగి వస్తుంది, నాకు నమ్మకముంది. ఇంకా వాడితే మాత్రం చెప్పలేను." ఆవిడ ఎల్లాజీ వైపు తిరిగింది. "ఆర్పమని చెప్పాను. ఆర్పకపోతే ఏమవుతుందో గట్టిగా చెప్పలేదు. ఎందుకంటే నాకూ తెలియదు. అది నా తప్పు."

వచ్చే సోమవారం తీసెయ్యాలని అనుకున్నారు. సోమవారం రాకముందే ఆర్డరు వచ్చింది.

అదొక చిన్న దీవి. పేరు చెప్పినా మీరు విని ఉండరు. పొరుగు సైన్యం వచ్చి దాని మీద కూర్చుంది, అక్కడి వాళ్ళు బందీలయ్యారు, దాన్ని తిరిగి తీసుకోవాలి. యుద్ధం ఎవరు మొదలుపెట్టారు, ఎందుకు మొదలుపెట్టారు అనే సంగతులు పేపర్లవాళ్ళు నాకన్నా బాగా రాశారు. నాకు తెలిసిందల్లా ఆ దీవికి సైన్యాన్ని దించగల ఒడ్డు ఒక్కటే ఉందనీ, దాని ఇసుక ఎలాంటిదో ఎవరికీ తెలియదనీ.

కెప్టెన్ నన్ను పిలిచి డ్రైవరు సంగతి అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. వాడికి బదులుగా తయారుచేస్తున్న రెండో డ్రైవరుకి గింజలు పెట్టి ఇంకా పక్షం కాలేదు, వాడికి గట్టేదో మెత్తనేదో తేలడం లేదు. కెప్టెన్ కిటికీలోంచి బయటికి చూసి, "ఈ విషయంలో నేను ఆర్డరివ్వను. అతన్ని అడుగు. కాదంటే కాదనే రాసుకుంటాను," అన్నాడు. మంచివాడే. కాని మంచివాళ్ళు అలా అడిగితే కాదనడం ఇంకా కష్టం.

ఎల్లాజీ వంటింటి గడపలో కూర్చుని నూకరత్నానికి చెప్పాడు. నేను వరండాలో ఉన్నాను, వినకూడదనుకున్నా వినబడింది.

"అడుసు తొక్కనేల కాలు కడగనేల అనీది మా అమ్మ," అంది ఆవిడ. "నీకేమో అడుసు తొక్కడమే ఉజ్జోగమైపోనాది. సోమారం తీసేత్తామన్నారు కదా. ఆల్లకి ఇంకెవులూ దొరకరేటి?"

"దొరికితే ఎల్తానేటి? ఎనకాల పడవల్నిండా జనం ఉంటారు రత్నం. ఆల్లకి దిగబడినాక గానీ తెల్దు. నాకు ముందే తెలుస్తాది. తెలిసినోడు ఇంట్లో కూకుంటే ఎలగ?"

పొయ్యి మీద ఏదో పొంగి ఆరిపోయింది. తర్వాత ఆవిడ గొంతు. "ఎల్లు. కాళ్ళు మాత్రం అక్కడొదిలీసి రాకు."

ఓడ నోరు తెరుచుకునేసరికి పొద్దెక్కి మంచు తెర పలచబడుతోంది. రోట్లో తలపెట్టాక రోకటి పోటుకు వెరవడమెందుకని నేను మూతలోంచి తల బయట పెట్టాను. పీత నీళ్ళలోకి జారి, కాస్త మునిగి, తేలింది. వెనక దూరంగా పడవలు బారులు తీరి ఆగి ఉన్నాయి. మా మాట కోసమే ఆగాయి. ఆకాశం నుంచి తీసిన బొమ్మల్లో ఒడ్డు ఎడమ భాగం గట్టిదని గీత గీసి ఇచ్చారు. అటే వెళ్ళాం.

చక్రాలు అడుగును తాకగానే ఎల్లాజీ బండి ఆపేశాడు. "సార్, బొమ్మలో సూపించింది తప్పు. ఇసక కింద ఏరు పారతన్నాది. నీళ్ళు కదుల్తన్నాయి. ఎక్కితే దిగబడిపోతాం."

"మరెటు?"

"కుడికి. పక్కగా పోనిత్తాను."

పీత నిజం పీతలాగే పక్కగా నడిచింది. అలల నురుగులో ఏమీ కనబడదు. ఎల్లాజీ కాలితో తడుముకుంటూ పోతున్నాడు, మెత్తన, మెత్తన, బురద, గుల్లలు, మళ్ళీ మెత్తన. "గుల్లల దిబ్బ తగిలినాది సార్! ఇది గట్టి. ఇలగే పైదాకా ఉన్నట్టున్నాది..." అంటూనే మాట ఆగిపోయింది. పళ్ళు కొరుక్కున్న చప్పుడు నా చెవిలోని రేడియోలో వినబడింది.

"ఏటైందిరా?"

"గుచ్చుకున్నాది. కుడి ముందరి కాలు." చక్రం అనలేదు, కాలు అన్నాడు.

శత్రువు నీళ్ళలో ఇనప మేకుల చట్రాలు పాతిపెట్టాడు. చక్రంలో గాలి పోయినా నడిచే ఏర్పాటు బండికుంది. నడిపేవాడికి ఏ ఏర్పాటూ లేదు. "బొత్తాం ఆర్పెయ్యరా," అన్నాను. 

"ఆర్పితే దారి తెల్దు సార్."

"వెనక్కి తీస్తావా?"

"తీస్తే ఇంకో దారి నేదు. ఇదొక్కటే గట్టి." అని ముందుకే పోనిచ్చాడు. ప్రతి చుట్టుకీ ఆ మేకు వాడి అరికాల్లో దిగి లేస్తోంది. నేను వాడి కమాండర్ని. నాకేం చెయ్యాలో తోచలేదు.

అప్పుడు థామస్ నోరు విప్పాడు. వాళ్ళ తీరంలో వల లాగేటప్పుడు అనే పదమేదో, ఏలేలో అని నెమ్మదిగా అందుకున్నాడు. ఎల్లాజీకి మలయాళం రాదు, కాని వల లాగడం వచ్చు. "ఐలెస్సా," అన్నాడు పళ్ళ మధ్యనుంచి. ఒకడు ఏలేలో, ఒకడు ఐలెస్సా. అలా చక్రం చుట్టు తర్వాత చుట్టు లాక్కుంటూ మమ్మల్ని పొడి ఇసుక మీదికి ఎక్కించారు. 

ఎల్లాజీ రేడియో అందుకున్నాడు. గొంతు వణకలేదు. "గట్టి. రావచ్చు."

వెనక పడవలన్నీ ఒక్కసారి ముక్కులు తిప్పి మా జాడ పట్టాయి. కొండ మీంచి శత్రువు ఫిరంగి గుండ్లు వేశాడు. అవి ఎడమవైపు, బొమ్మలో గీత గీసిన చోటే పడ్డాయి. అక్కడ మేము దిగబడి ఉంటామని వాడి లెక్క. మధ్యాహ్నానికి దీవి మనదైంది. ఒడ్డున ఒక్కడూ దిగబడలేదు.

నేను దిగి వెతికితే ఎల్లాజీ ఇసుకలో కూర్చుని కుడి పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. జెల్ల ముల్లు మచ్చ తప్ప ఎక్కడా గీత కూడా లేదు. "ఇంత మంటెడతన్నాది, దెబ్బ కనబడదేటి సార్?" అన్నాడు. ఓడలో మెకానిక్కులు ఆ చక్రం విప్పి కొత్తది బిగించాకే వాడు ఊపిరి వదిలాడు.

తిరిగి వచ్చిన సాయంత్రం నూకరత్నం ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. పిల్ల తండ్రిని చూడగానే అలవాటు ప్రకారం వాడి పాదాలెక్కింది. వాడు రెండు చేతులూ పట్టుకుని నడిపించాడు, నాలుగు అడుగులు బాగానే వేశాడు. ఇంతలో పిల్ల కాలొకటి జారి నేల మీద పడింది. వాడికి తెలియలేదు. తర్వాతి అడుగు దాని వేళ్ళ మీద వేశాడు.

పిల్ల కెవ్వుమంది. పెద్ద దెబ్బేం కాదు, కాస్త ఎర్రబడింది, బెల్లం ముక్క పెడితే ఊరుకుంది. ఎల్లాజీ మాత్రం గోడకానుకుని అలా కూలబడిపోయాడు. "నా కూతురి కాలు తొక్కినాను సార్. సముద్రం అడుగున గుల్ల తొక్కితే తెలుస్తాది. నా పిల్ల కాలు తొక్కితే తెల్దు."

తెల్లారగానే వాడే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి గింజలు తీసెయ్యమన్నాడు. ఆవిడ దాచలేదు. "తీసేస్తే పీత కాళ్ళు పోతాయి, అది ఖాయం. నీ కాళ్ళు వస్తాయో రావో నాకు తెలియదు. ముందైతే నమ్మకంగా చెప్పేదాన్ని. ఇప్పుడు నాకు భయంగా ఉంది. రెండూ లేకుండా మిగిలిపోవచ్చు."

"దాని కాళ్ళతో నాకేటి పని మేడమ్? నా పిల్ల నా కాళ్ళమీద గదా నిలబడతాది," అన్నాడు వాడు. మర్నాటికి ఆపరేషన్ పెట్టారు. పీత కూడా ఆ వారంలోనే పడమటి తీరానికి వెళ్ళిపోతోంది.

ఈ కబురు విని నూకరత్నం ఏదో అంటుందనుకున్నాను. ఆవిడ బియ్యప్పిండి జల్లించి బెల్లం పాకం పట్టడం మొదలుపెట్టింది.

"ఇదేటమ్మా?" అన్నాను.

"నిన్న పొద్దున మన భవాని గుంట గోడొదిలీసి ఒక్క చనం నిలబడినాది అన్నయ్యా. నేడో రేపో అడుగేస్తాది. అడుగులకి అరిసెలు సెయ్యాల గదా." మా వైపు పిల్ల తొలి అడుగులు అరిసెల మీదే వేయిస్తారు. అది నాకు తెలుసు. తర్వాత ఆవిడ అన్నదే నాకు తోచనిది. "రేపటి నించి ఈ మనిసికి ఆ కాళ్ళూ ఉండవు, ఈ కాళ్ళూ ఉంటాయో నేదో. ఇయ్యాల వరకూ దానికాడున్నాయి గదా? అయితే పిల్లనక్కడికే తీసుకెల్దాం."

షెడ్డులోకి బయటివాళ్ళు రాకూడదు. కెప్టెన్‌ని అడిగాను. ఆయన కాసేపు మీసం దువ్వుకుని, తనకొచ్చిన తెలుగంతా ఖర్చుపెట్టాడు. "గట్టి, రావచ్చు," అన్నాడు. 

అలా మధ్యాహ్నం ఎండలో అరిసెల పళ్ళెంతో, సంకలో పిల్లతో నూకరత్నం తన సవితిని మొదటిసారి చూసింది. ముందు నుంచి చూసింది, పక్క నుంచి చూసింది. "ఓలమ్మ, ఇదేటి ఇంత ఇకారంగా ఉన్నాది! దీని కోసమా?" అంది. థామస్ పక్కకి తిరిగి నవ్వుకున్నాడు.

డాక్టరమ్మ చక్రానికి వెయ్యడానికి ఉంచిన కొత్త తొడుగొకటి పీత ముందు చాపలా పరిచి, తీగతో బండికి కలిపింది. నూకరత్నం దాని మీద అరిసెలు వరసగా పెట్టబోతే, "నూనె తగిలితే తొడుగు..." అనబోయి, నూకరత్నం ముఖం చూసి, "పరవాలేదు, పెట్టమ్మా," అంది. తనే రెండు అరిసెలు సర్దింది కూడా.

ఎల్లాజీ తొడుగు చివర, గచ్చు మీద, చిన్న పీట వేసుకుని ఒట్టి కాళ్ళతో కూర్చుని బొత్తాం నొక్కాడు. కళ్ళు మూసుకున్నాడు. "సూడను. తెలియాల నాకు," అన్నాడు.

పిల్లని అటు చివర నిలబెట్టారు. అది వెంటనే చతికిలబడింది.

"కూకున్నాది," అన్నాడు ఎల్లాజీ కళ్ళు మూసుకునే. మేమంతా ఒకళ్ళ ముఖాలొకళ్ళం చూసుకున్నాం. "అరిసె తీసినాది. సూడు సూడు, తింటన్నాది!" నిజంగానే తింటోంది. నూకరత్నం పిలిచింది, డాక్టరమ్మ తాళాలు గలగలలాడించింది, నేను హవల్దారునన్న సంగతి మరిచిపోయి కోతిలా గెంతాను. పిల్లకి అరిసె తప్ప ప్రపంచంతో పనిలేదు. ఇవాళ నడవదేమోనని నాకు బెంగ పట్టుకుంది. రేపటికైతే ఈ తొడుగుకీ వాడికీ సంబంధం లేదు.

తిన్నంత తిని, మిగిలిన ముక్క పిడికిట్లో పెట్టుకుని, పిల్ల రెండు చేతులూ నేలకానించి లేచింది.

"లేసినాది," అన్నాడు ఎల్లాజీ. "ఎంత సన్నకాళ్ళో. యేళ్ళు ముడుసుకున్నాది... బయపడతన్నాది."

వాడి మూసిన కళ్ళ లోంచి నీళ్ళు కారుతున్నాయి. దీవి ఒడ్డున పలికిన గొంతుతోనే అన్నాడు. "గట్టిదేనమ్మా. రావచ్చు."

పిల్ల అడుగేసింది. అరిసె ఫట్టుమంది. రెండో అడుగు. ప్రతి అడుగుకీ వాడి ముఖం విప్పారింది. అది పడబోయి నిలదొక్కుకుంటే వాడూ పీట మీద తూలాడు. అలా ఊగుతూ, ఆగుతూ, నలిగిన అరిసెలన్నీ దాటుకుంటూ, తొడుగు చివరిదాకా వచ్చింది. అక్కడ ఒక్క క్షణం నిలబడి, అలవాటైన చోటు కనబడగానే, తొడుగు దిగి తండ్రి పాదాల మీదికి ఎక్కింది.

ఎల్లాజీ ముఖం మీది నవ్వు అలాగే నిలిచిపోయింది. కళ్ళు తెరవకుండానే, "ఏదీ? ఎటెల్లిపోనాది?" అని అడిగాడు.

నూకరత్నం వచ్చి వాడి పక్కన కూర్చుని, వాడి చెయ్యి తీసుకుని, పిల్ల పాదాల మీద పెట్టింది. "ఇక్కడున్నాది. నీ కాళ్ళమీదే ఉన్నాది," అంది.

వాడు కళ్ళు తెరిచి కిందికి చూశాడు. చాలాసేపు చూశాడు. పిల్ల పిడికిలి విప్పి, మిగిలిన అరిసె ముక్క తండ్రి నోట్లో పెట్టింది. ఎల్లాజీ అది నములుతూ నడుము తడుముకుని తనే బొత్తాం ఆర్పేశాడు. తర్వాత లేచి, పిల్ల చేతులు రెండూ పట్టుకుని, తన పాదాల మీద దాని పాదాలు ఉన్నాయో లేదో అడుగడుగుకీ వంగి చూసుకుంటూ, ఇంటిదాకా అలాగే నడిపించుకుని వెళ్ళాడు.